వెలుగులోని రంగులు – మన చర్మకణాలు

కే.జీ.కండిగై, తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాల నుండి బ్రతుకుతెరువు కోసం చెన్నై నగరానికి వచ్చిన తెలుగువారిలో పగలంతా ఆరుబయట శ్రమించేవారు అనేకులు. కట్టడపు పని, తోపుడుబండి వ్యాపారం, వాహనాలు నడపడం, సరకులు చేరవేయడం వంటి వృత్తులలో ఎండను తప్పించుకోవడం సాధ్యం కాదు. కొన్నేళ్ళకు చెక్కిళ్ళ మీద, నుదుటి మీద గోధుమరంగు మచ్చలు కనిపిస్తే, వేడికి వచ్చిన మంగు అని సరిపెట్టుకొంటారు. మంగుకు వంశలక్షణం, గర్భధారణ వంటి కారణాలు కూడ ఉన్నవి. అయితే దానిని ముదిరించేవాటిలో వేడి ఒక్కటే కాదు, వెలుగు కూడ ముఖ్యమైనది. అందులోను అన్ని రంగుల వెలుగు చర్మంపై ఒకే విధంగా పనిచేయదు.

రంగును బట్టి పని

కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం సుమారు 400 నుండి 700 నానోమీటర్ల వరకు ఉంటుంది. ఊదా, నీలం రంగులవి పొట్టి తరంగాలు. ఎరుపు రంగువి పొడవైనవి. 400 కంటె తక్కువైనవి కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు. వెలుగు ఒక కణంలో మార్పు తేవాలంటే ఆ కణంలోని ఏదో ఒక పదార్థం దానిని గ్రహించాలి. గ్రహింపబడని వెలుగు ఏ రసాయనిక మార్పును కలిగించదు. ఒక్కొక్క పదార్థం కొన్ని రంగులనే ఎక్కువగా గ్రహిస్తుంది. కనుకనే నీలపు వెలుగు చేసే పని ఒకటి, ఎర్రని వెలుగు చేసే పని వేరొకటి.

నీలపు వెలుగు – నల్లని మచ్చ

మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం వర్ణకణాలలో తయారవుతుంది. ఈ కణాలలో ఆప్సిన్-3 అనే మాంసకృత్తు ఉన్నది. కంటిలో వెలుగును పసిగట్టే మాంసకృత్తులకు ఇది దగ్గరి చుట్టము. నీలపు వెలుగు సోకగానే ఇది మేల్కొని, మెలనిన్ తయారీని పెంచుమని కణానికి సంకేతం పంపుతుందని 2018లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు తెలియజేశారు. అంతకుముందు 2014లో అక్కడే జరిగిన మరొక పరిశోధనలో 415 నానోమీటర్ల ఊదా-నీలపు వెలుగు చర్మాన్ని చాలకాలం నిలిచేటట్లు నల్లబరచగా, 630 నానోమీటర్ల ఎర్రని వెలుగు అట్లు చేయలేదు.

ఇది మనకు ప్రత్యేకంగా వర్తించే విషయం. 2010లో అమెరికాలోని డెట్రాయిట్ నగర పరిశోధకులు కనిపించే వెలుగును వేర్వేరు చాయల చర్మాలపై ప్రసరింపజేశారు. చామనచాయ, నలుపు చర్మాలలో రంగు ముదిరి నిలిచిపోయింది. తెల్లని చర్మంలో అట్లు జరుగలేదు. ముదురు రంగు చర్మం వ్యాధి కాదు, లోపమూ కాదు. అతినీలలోహిత కిరణాల నుండి అది మంచి రక్షణ. కాని కనిపించే వెలుగుకు మచ్చపడే స్వభావం దానికే ఎక్కువ.

ఎర్రని వెలుగు

ఎర్రని వెలుగు నీలపు వెలుగు కంటె లోతుగా చర్మంలోనికి చొచ్చుకొనిపోతుంది. 1967లో బుడాపెస్టు నగర వైద్యుడు ఎండ్రె మెస్టర్ ఎలుకలపై ఎర్రని లేజరు వెలుగును ప్రయోగించగా, గొరిగినచోట వెంట్రుకలు త్వరగా పెరిగినవి. నాటినుండి గాయాలు మానడంలో ఎరుపు వెలుగు పాత్రను పరిశోధిస్తూనే ఉన్నారు. ఫలితం వెలుగు మోతాదుపై ఆధారపడుతుంది. కావున అంగడిలో అమ్మే ఎర్రదీపపు ముసుగులను వైద్యానికి బదులుగా భావించరాదు.

పసిబిడ్డకు నీలపు వెలుగే మందు

మచ్చను తెచ్చే నీలపు వెలుగే మరొకచోట ప్రాణరక్షకం. 1956లో ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో, ఎండ తగిలినచోట కామెర్ల శిశువు చర్మపు పసుపుచాయ తగ్గడాన్ని జీన్ వార్డ్ అనే నర్సు గమనించినది. ఆ గమనికే నేటి దీపచికిత్సకు దారితీసింది. చర్మంలోని బిలిరుబిన్ నీలపు వెలుగును గ్రహించి, శరీరం సులభంగా విసర్జించగల రూపానికి మారుతుంది.

అయితే బిడ్డను ఇంటిముందు ఎండలో పడుకోబెట్టడం దీపచికిత్సకు సమానం కాదు. ఎండలో నీలపు వెలుగుతోపాటు వేడి, అతినీలలోహిత కిరణాలు కూడ ఉంటాయి. మోతాదు మన చేతిలో ఉండదు. బిలిరుబిన్ మితిమీరితే శిశువు మెదడు దెబ్బతింటుంది. పుట్టిన మొదటి రోజే పసుపుచాయ కనిపించినా, అరికాళ్ళు, అరచేతులు పచ్చబడినా, బిడ్డ మగతగా ఉండి పాలు త్రాగకపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. ఎగ్మూరులో ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి ఉన్నది.

పాటించవలసినవి

• తిరుత్తణి, చెన్నై రెండును సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నవి. ఇక్కడ ఏప్రిల్ చివరి వారంలోను, ఆగస్టు మూడవ వారంలోను మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తిన ఉంటాడు. ఆ కాలంలో మరింత జాగ్రత్త అవసరం.

• దట్టమైన నల్లని గొడుగు, వెడల్పు అంచుగల టోపీ, మందపాటి నూలుబట్ట అన్ని రంగుల వెలుగును అడ్డగిస్తాయి. ఖరీదైన లేపనాల కంటె ముందు ఇవి కావాలి.

• వాహనపు అద్దం కనిపించే వెలుగును ఆపదు. కిటికీ ప్రక్కన కూర్చొనేవారు చెంపను, చేతిని కప్పుకోవాలి.

• సాధారణ సన్‌స్క్రీన్ లేపనాలు ముఖ్యంగా అతినీలలోహిత కిరణాలనే ఆపుతాయి. నీలపు వెలుగును ఆపేది ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు లేపనం. మన గడపలకు పూసే జాజు ఎరుపు కూడ ఐరన్ ఆక్సైడుదే. కాని జాజును ముఖానికి పూయరాదు.

• ఫోను తెర నుండి వచ్చే నీలపు వెలుగు ఎండతో పోల్చితే అత్యల్పం. మంగుకు భయపడవలసినది ఫోనుకు కాదు, ఎండకు.

• వైద్యుని చీటీ లేకుండ స్టెరాయిడ్ కలిసిన ముఖలేపనాలు వాడరాదు. మచ్చ కొంతకాలం తగ్గినట్లు కనిపించినా, చర్మం పలుచబడి, ఎర్రబడి, మొటిమలు లేస్తాయి.

తిరుత్తణి రైలు వచ్చి చేరే సెంట్రల్ స్టేషనుకు ఎదురుగానే రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉన్నది. అక్కడి చర్మవైద్య విభాగంలో మచ్చను చూపించుకొన్న తరువాతనే ఏ మందైనను కొనడం మేలు.