మిలాన్ ప్రమాణాలు: 5, 3 లెక్క

సిర్రోసిస్‌తో గట్టిపడిన కాలేయంలో క్యాన్సర్ గడ్డ వస్తే, దాన్ని కోసి తీసేయడం తేలిక కాదు. మిగిలిన ముక్క పని మోయలేక చేతులెత్తేయవచ్చు. అందుకే కాలేయ పనితీరును అంచనా వేసే చైల్డ్-ప్యూ వర్గీకరణలో ‘ఎ’ తరగతిలో ఉండి, పోర్టల్ సిరలో పీడనం పెరగని వారికే ప్రధానంగా ఆ శస్త్రచికిత్స. కాలేయ మార్పిడి అయితే గడ్డతోపాటు సిర్రోసిస్ కూడా పోతుంది. మరి ఎవరికి చేయాలి? 1996లో ఇటలీలోని మిలాన్‌లో మజాఫెర్రో బృందం హద్దు గీసింది; అవే మిలాన్ ప్రమాణాలు. గడ్డ ఒక్కటే అయితే 5 సెం.మీ., రెండు మూడు ఉంటే ఒక్కోటి 3 సెం.మీ. మించకూడదు, రక్తనాళాల్లోకి, కాలేయం బయటికి పాకి ఉండకూడదు. వారు పరిశీలించింది 48 మందినే; నాలుగేళ్ల మనుగడ 75 శాతం. పరీక్షలో ఈ 5, 3 అంకెలను తారుమారు చేసి ఆప్షన్లలో ఇస్తే తడబడటం ఖాయం.