అందరి ఫోల్డరుకు అనుమతులు ఎట్లా పెట్టాలి?



పోయిన నెల మన గోడపత్రిక ఫోల్డరులోంచి నాలుగు కథలు పోయినాయి కదా. ఆ పొద్దు ల్యాబులో చివరి దాకా కూర్చున్నది ఆరో తరగతి చెల్లెలు. "నువ్వే చెరిపినావు" అని అందరం అన్నాం. నేనూ అన్నాను. ఆ పిల్ల రాత్రి అన్నం తినలేదు.

తర్వాత కంప్యూటర్ సారును అడిగితిమి. "అందరూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో పోతిరి. అందరికీ చెరిపే అనుమతి ఉండె. ఎవరని చెప్పేదమ్మా?" అన్నారు. నేను తెలుసుకున్నది రాస్తున్నాను.

ల్యాబు మూలనున్న చిన్న పెట్టెను నెట్‌వర్క్ స్టోరేజ్ అంటారు. అందులో హార్డ్ డిస్కులు ఉంటాయి. అన్ని కంప్యూటర్ల నుంచీ దాన్ని వాడవచ్చు. అందులో ప్రతి ఫోల్డరుకూ మూడు రకాల అనుమతులు పెట్టవచ్చు.

1. చదవడం మాత్రమే: మనకు దగ్గరున్న లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లాగ. అందరూ చూడవచ్చు, ఎవరూ గీయకూడదు.
2. చదవడం, రాయడం: తరగతి నల్లబల్లలాగ. రాయగలిగినవాళ్లు చెరపగలరు కూడా.
3. అనుమతి లేదు: తాళం వేసిన స్టోరు రూములాగ.

ఇట్లాంటి పెట్టెలు చాలావరకు లినక్స్‌తో పనిచేస్తాయి. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యూనిక్స్ పద్ధతినే లినక్స్ అనుసరిస్తుంది. అందులో అనుమతులకు అంకెలున్నాయి. ఫోల్డరులో ఏముందో చూడటానికి 4, మార్చడానికి 2, లోపలికి పోవడానికి 1. అన్నీ కలిపితే 7. చూసి లోపలికి పోవడానికి మాత్రమే అయితే 5. 775 అంటే యజమానికి 7, గ్రూపుకు 7, మిగతావారికి 5.

మన పత్రికకు ఇట్లా చేస్తే బాగుంటుంది:

* ఒక్కొక్కరికీ సొంత పేరు, సొంత పాస్‌వర్డ్ ఉండాలి. పాస్‌వర్డ్ స్నేహితురాలికైనా చెప్పకూడదు.
* అనుమతి మనిషికి కాదు, గ్రూపుకు ఇవ్వాలి. సంపాదకవర్గానికి రాయడం, పాఠకులకు చదవడం.
* పదో తరగతి అక్కలు వెళ్లిపోగానే వారి పేర్లు గ్రూపులోంచి తీసేయాలి.
* వార్డెన్ మేడం దాచే మన ఆధార్, కుల సర్టిఫికెట్ల ఫోల్డరుకు పిల్లలెవరికీ అనుమతి ఉండకూడదు.
* రీసైకిల్ బిన్ ముందే ఆన్ చేసి పెట్టాలి. చెరిగినాక ఆన్ చేస్తే పాతవి రావు.
* అన్నీ పెట్టినాక పాఠకురాలి పేరుతో లోపలికి పోయి, ఒక ఫైలు చెరిపి చూడాలి. చెరగకపోతేనే సరిగ్గా పెట్టినట్టు.

ఈ పని ముందే చేసి ఉంటే కథలు పోయేవి కావు, చెల్లెలిని ఏడిపించేవాళ్లమూ కాదు. నింద అందరి ముందర వేస్తిమి, క్షమాపణ కూడా అందరి ముందరే చెప్పాలి. చెల్లీ, మమ్మల్ని క్షమించు.

— 9వ తరగతి విద్యార్థిని, చిలమత్తూరు