పార్శ్వపు నొప్పి – మాత్రల మితి

పార్శ్వపు నొప్పిని తెలుగునాట అనేకులు పైత్యమని భావింతురు. నొప్పితో పాటు వాంతి యగుటయే ఇందుకు కారణము. వాంతి మాట నిజమే. కాని వ్యాధికి మూలము పిత్తములో లేదు, మెదడునందును దాని నాడులయందును ఉన్నది.

మెదడు పదార్థమునకు స్వయముగా నొప్పి తెలియదు. దానిని కప్పియున్న పొరలకును, అచటి రక్తనాళములకును తెలియును. ఆ బాధను మోయునది ముఖమునకు స్పర్శజ్ఞానము నిచ్చు ట్రైజెమినల్ నాడి. దాని కొసలనుండి సి.జి.ఆర్.పి. అను పదార్థము వెలువడి రక్తనాళములను ఉబ్బజేయును, నొప్పిని హెచ్చించును. నొప్పి సమయమున మెడలోని సిర రక్తమునందు ఈ పదార్థము అధికమగునని 1990లో వెల్లడియైనది. 1991లో వాడుకలోనికి వచ్చిన సుమాట్రిప్టాన్ సెరొటోనిన్ పనిని అనుకరించి, ఆ పదార్థము వెలువడుటను అరికట్టును.

నొప్పి ముదిరిన పిమ్మట మింగిన మాత్ర అంతగా పనిచేయదు. అప్పటికి జీర్ణకోశము మందగించి యుండును. కావున పారాసిటమాల్ వంటి మాత్రను ఆరంభముననే, వైద్యుడు చెప్పిన మోతాదులో వేసికొని, చీకటి గదిలో పరుండుట మేలు. కణతలకు శొంఠి పట్టు వేసికొనువారు చర్మము మండనంతవరకు వేసికొనవచ్చును. అయితే క్షణములో తీవ్రమైన తలనొప్పియు, జ్వరముతో మెడ బిగిసికొనుటయు, మాట తడబడుటయు, కాలుసేయి పడిపోవుటయు పార్శ్వపు నొప్పి యని ఇంట కూర్చుండదగినవి కావు. వెంటనే ఆసుపత్రికి పోవలెను.

అసలు ప్రమాదము మాత్ర సులభముగా దొరకుటలో నున్నది. సాధారణ మాత్రలను నెలకు 15 దినములు గాని, ట్రిప్టానులను, పలు మందులు కలిసిన మాత్రలను 10 దినములు గాని, అంతకు మించి గాని, మూడు నెలలకు పైగా వాడినచో మందే తలనొప్పిని తెచ్చును. ఉదయము లేచునప్పటికే తల నొచ్చును, మాత్రతో తగ్గును, మరునాడు మరల వచ్చును. పాల లెక్క వ్రాసికొను గోడ క్యాలెండరు మీదనే, మాత్ర వేసికొన్న దినమున ఒక గీత గీసినచో వైద్యునకు అంతకన్న మంచి సాక్ష్యము దొరకదు.

అట్టి మాత్రలను మానిన తొలి దినములలో నొప్పి హెచ్చును, పిదప తగ్గును. కావున వైద్యుని పర్యవేక్షణలోనే మానవలెను. తరచుగా బాధపడువారికి ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్ వంటి నివారణ మందులు కలవు. మొదటిది ఉబ్బసము గలవారికి పనికిరాదు. వీనిని నొప్పి లేని దినములందును వేసికొనవలెను. గుణము కనబడుటకు ఆరు నుండి ఎనిమిది వారములు పట్టవచ్చును. వారమునకే విసిగి మానివేయరాదు.