పదబంధ ప్రహేళికలును గోడమీది వ్రాతయును

చదువవలసిన భాగములు: యిర్మీయా 1:11-12, ఆమోసు 8:1-3, దానియేలు 5వ అధ్యాయము.



మన యౌవనులలో అనేకులు పత్రికలలో వచ్చు పదబంధ ప్రహేళికలను పూరించుచుందురు. పెద్దలకు అది కాలహరణముగా తోచును. ఆ కాలములో సగమైనను వాక్యపఠనమునకు ఇచ్చిన మేలే. అయినను ఆ ఆటలోని పద్ధతి తెలిసినవానికి ప్రవక్తల మాటలు కొన్ని సులువుగా బోధపడును. కాబట్టి ఈ నెల మొదట ఆటను నేర్చుకొని, పిమ్మట వాక్యమునకు పోవుదము.

సాధారణ ప్రహేళికలో ఆధారము సూటిగా నుండును. గూఢమైన దానిలో ప్రతి ఆధారమునకు రెండు పాళ్ళుండును. ఒక పాలు జవాబుయొక్క అర్థమును చెప్పును. రెండవ పాలు ఆ మాటలోని అక్షరములతో గాని, దానికున్న మరియొక అర్థముతో గాని ఆడును. రెండును ఒక్క మాటయొద్దనే కలియవలెను.

క్రొత్తవారికి ఇది చాలును: "అబ్రాహాము సహోదరుని కుమారుడు, మంచి బావికి కావలసినది (2 అక్షరములు)." జవాబు: లోతు.

మరియొకటి: "తలక్రిందులైన రామా, నయోమి పెట్టుకొనిన పేరు (2)." తలక్రిందులు అను మాట చూడగానే అక్షరములను వెనుకనుండి చదువవలెనని గ్రహింపవలెను. రామా తిరుగబడి మారా ఆయెను. రామాలో రాహేలు ఏడ్చెను. మారా అనగా చేదు. రెండును దుఃఖపు పేర్లే. అయితే ఇది తెలుగు అక్షరములలో పడిన పొందిక మాత్రమే. దీనిమీద ఎవరును ప్రసంగము కట్టవద్దు.

మూడవది కొంచెము కష్టము: "బేరము మొదట, తేలు తరువాత, యాకోబు రాయి తలగడగా పండుకొనిన చోటు (3)." తేలు అనగానే క్రొత్తవాడు రాళ్ళక్రింద వెదకును. ఆధారము పురుగును గూర్చి కాదు, అక్షరములను గూర్చి చెప్పుచున్నది. బేరములోని మొదటి అక్షరము బే, దాని వెంట తేలు: బేతేలు. (ఆదికాండము 28:20-22 చదివినయెడల యాకోబు అక్కడ ఆడినది ఇంచుమించు బేరమేనని తెలియును.)

ఒక మాట మనకు ఎంత అందముగా తోచినను, అడ్డమునకు సరిపోయి నిలువునకు సరిపోనియెడల దానిని చెరిపివేయవలెను. లేఖనమును చదువుటలోను ఇదే నియమము. ఒక్క వచనమును పట్టుకొని, అక్షరములను లెక్కించి, లోకాంతపు తేదీలు చెప్పువారు మన గ్రామములకును వచ్చుచున్నారు. వారి జవాబు ఆ ఒక్క గడిలో ఇముడును. దానిని దాటి పోవు ఇతర వచనములను అడిగిన ఇమడదు. వారితో వాదింపక, నిలువు గడులను చూపుడి.

ఇక ప్రవక్తలయొద్దకు వత్తము. యిర్మీయా బాదము చెట్టు చువ్వను చూచెను. వెంటనే దేవుడు తన వాక్యమును నెరవేర్చుటకు ఆతురపడుచున్నానని చెప్పెను. తెలుగులో చదువువానికి బాదమునకును ఆతురతకును సంబంధమేమో తెలియదు. హెబ్రీ భాషలో బాదము షాకేద్. కనిపెట్టి మెలకువగా నుండుట షోకేద్. తక్కిన చెట్లు నిద్రించుచుండగా చలికాలపు చివరనే పూయు చెట్టు అది. ఆమోసు వేసవి పండ్ల గంపను చూచెను. పండ్లు కయిత్స్, అంతము కేత్స్. నిండిన గంపను చూచి సంతోషించు జనమునకు ఆ మాటలోనే తీర్పు వినబడెను.

దానియేలు 5వ అధ్యాయములో గోడమీద వ్రాయబడిన మాటలు మెనే, మెనే, టెకేల్, ఉఫార్సీన్. అరామిక్ భాషలో ఇవి తూకపు రాళ్ళ పేర్లవలె వినబడును: మినా, మినా, తులము, మరియు సగములు. అంగడివాని చిట్టాలో వ్రాసికొను మాటలు! చివరి మాటలోని ఉ అనునది "మరియు" అని అర్థమిచ్చును. తక్కినది పెరేస్ అను మాటకు బహువచనము. ఆ భాషను ప్రాచీన కాలమున ఎక్కువగా హల్లులతోనే వ్రాసిరి గనుక అవే అక్షరములను మరియొక విధముగాను చదువవచ్చును. దానియేలు వాటిని క్రియలుగా చదివెను: లెక్కింపబడెను, తూచబడెను, విభాగింపబడెను. పెరేస్ అను మాట మరల పారసీకుల పేరునకు తగులుచున్నది. ఒక్క మాటలో పని రెండు విధములు.

అయితే దానియేలు అక్షరములతో ప్రారంభింపలేదు. ముందుగా నెబుకద్నెజరు గర్వమును, అతడు పశువులతో గడ్డి మేసిన దినములను రాజునకు జ్ఞాపకము చేసెను. నీవు ఇది యెరిగియుండియు తగ్గించుకొనలేదని గద్దించెను. అడ్డపు గడులు ముందే నిండెను. నిలువునకు ఆ మాటలు సరిపోయెను. జ్ఞానులకు ఆ గడులు లేవు.

బెల్షస్సరు జవాబును అంగీకరించెను. ఊదారంగు వస్త్రమును, బంగారు హారమును, మూడవ అధిపతి స్థానమును దానియేలునకు ఇప్పించెను. పజిలు విప్పినవానికి బహుమానము ముట్టెను. తూకములో తక్కువైనవాడు మోకాళ్ళూనినట్టు వ్రాయబడలేదు. ఆ రాత్రియే అతడు చంపబడెను. బబులోను పారసీకుల చేత పడినది క్రీ.పూ. 539లో.

దీనితోపాటు మన కాలపు సంగతి ఒకటి చెప్పవలెను. జాన్ గ్రాహం అను ఆంగ్లికన్ గురువు 1958 మొదలుకొని ఇంగ్లాండులోని గార్డియన్ పత్రికకు ప్రహేళికలు కూర్చెను. అరౌకేరియా అనునది ఆయన కలము పేరు. 2013 జనవరిలో, తన 91వ ఏట, తన అన్ననాళములో క్యాన్సరు ఉన్నదనియు, బాధను ఉపశమింపజేయు సేవ మాత్రమే జరుగుచున్నదనియు ఒక ప్రహేళికలోని జవాబులుగా కూర్చి పాఠకులకు తెలియజేసెను. గడులు నింపినవారు తమ చేతితోనే ఆ వార్తను వ్రాసికొనిరి. ఆ సంవత్సరము నవంబరులో ఆయన మరణించెను. తన తూకమును తానే చదివి, దాచక చెప్పిన ముసలివాడు.

యౌవనులకు వచ్చు నెలవరకు ఒక ఆధారము: "మాకు కాదనిన, మరెవరికని ప్రశ్నించు ప్రవక్త (2)." జవాబు దొరికినవారు ఆ గ్రంథములో 6వ అధ్యాయము 8వ వచనమును కంఠస్థము చేసికొని రావలెను.