కనబడని చిల్లు

మా అక్క హౌస్ సర్జన్. మొన్న ఇంటికొచ్చినప్పుడు చెప్పింది: "ఆపరేషన్ అయ్యాక గ్లవ్ తీస్తే వేలి మీద రక్తం. చిల్లు ఎప్పుడు పడిందో కూడా తెలీదురా." ఆ రాత్రి కూర్చుని దీని గురించి చదివాను.

1889-90 ప్రాంతంలో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో క్రిమిసంహారక మందు వల్ల నర్సు కరోలిన్ హాంప్టన్ చేతులు పాడయ్యాయి. సర్జన్ హాల్‌స్టెడ్ ఆమె కోసం గుడ్‌ఇయర్ కంపెనీతో రబ్బరు గ్లవ్స్ చేయించాడు. అవి రోగిని కూడా కాపాడతాయని తర్వాత తెలిసింది.

అందుకే చిల్లు పడితే ఇద్దరికీ ప్రమాదమే. రోగి రక్తంలో హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి లాంటివి ఉంటే డాక్టరుకి సోకవచ్చు. డాక్టరు చర్మం మీది బ్యాక్టీరియా రోగి గాయంలోకి పోవచ్చు. కుట్లు వేసేటప్పుడు సూది ఎక్కువగా గుచ్చుకునేది సూది పట్టుకోని చేతి చూపుడువేలికే.

దీనికి ఉపాయం రెండు జతలు వేసుకోవడం. లోపలిది ముదురు ఆకుపచ్చ, పైది లేత రంగు. పైదానికి చిల్లు పడితే తడి లోపలికి దిగి, అక్కడ ఆకుపచ్చ మచ్చ కనిపిస్తుంది. వెంటనే మార్చుకోవచ్చు.

మన కోడ్‌లోనూ అంతే కదా! ఎర్రర్ చూపించే బగ్ కన్నా నోరెత్తని బగ్ ప్రమాదం.

అక్క మొదటి రక్తపరీక్ష నెగెటివ్ వచ్చింది. ఇంకొకటి ఉంది. ఇప్పుడు మాత్రం రెండు జతలు వేసుకుంటోంది.