హైమెండార్ఫ్ అను ఇంటిపేరు

మన ఇంటిపేర్లలో పెక్కు ఊరి పేర్లనుండి పుట్టినవి. తాతలు విడిచివచ్చిన ఊరు మనుమలకు ఇంటిపేరై నిలుచును. జర్మనులలోను ఈ రీతి కలదు. వారి భాషలో ‘డార్ఫ్’ అనగా పల్లె. ‘ఫాన్’ అనగా ‘నుండి’. కావున ‘ఫాన్ హైమెండార్ఫ్’ అనగా హైమెండార్ఫు పల్లెవారని భావము. ఆ పల్లె నూరెంబర్గు పట్టణమునకు సమీపమున నున్నది. మనకు ఇంటిపేరు ముందు వచ్చును, వారికి తుదను వచ్చును, ఇంతియే భేదము.

ఈ పేరు వహించిన క్రిస్టఫ్‌లు మువ్వురు ప్రసిద్ధులు. మొదటివాడు (1541–1610) ఐగుప్తు, పాలస్తీనా దేశములను సంచరించి యాత్రాగ్రంథము వ్రాసెను. రెండవవాడు (1663–1732) కవి. నూరెంబర్గు కవిసమాజమునకు అధ్యక్షుడు.

మూడవవాడు మన ఆదిలాబాదు సీమ యెరిగినవాడు. 1909లో వియన్నా నగరమున జన్మించి మానవశాస్త్రము నభ్యసించెను. 1938లో జర్మనీ ఆస్ట్రియాను కలుపుకొనుటచే ఆయన జర్మను ప్రజగా నెంచబడెను. 1939లో యుద్ధము వచ్చినపుడు ఆయన మన దేశముననుండెను. ఆంగ్ల ప్రభుత్వము ఆయనను శత్రుదేశీయునిగా భావించి, హైదరాబాదు రాజ్యముననే యుండవలెనని కట్టడి చేసెను.

ఆ కట్టడియే గోండులకు మేలయ్యెను. ఆయనయు, భార్య బెట్టీయు మార్లవాయి గ్రామమున గుడిసెలో నివసించి గోండుల భాషను, ఆచారములను నేర్చిరి. వారి భూములు పరుల పాలగుట చూచి ప్రభుత్వమునకు విన్నవించిరి. పలువురికి పట్టాలు లభించెను. 1943లో మార్లవాయిలో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చు శిక్షణాలయము వెలసెను. గోండీ భాషలోనే వాచకములు సిద్ధమయ్యెను. తల్లిభాషలో తొలిపాఠము చెప్పుట యెంత మేలో ఉపాధ్యాయులమగు మేము బాగుగ నెరుగుదుము.

బెట్టీ 1987లో హైదరాబాదున మరణింపగా ఆమె కోరిక ననుసరించి మార్లవాయిలో సమాధి చేసిరి. ఆయన 1995లో లండనున గతించెను. 2012లో ఆయన అస్థికలను గూడ ఆమె చెంతనే నిక్షేపించిరి.

గోండులలో ఆత్రం, మడావి, మెస్రం మొదలగు ఇంటిపేర్లు కలవు. పేరు వినగానే వారు ఎందరు దేవతలను కొలుచువారో, ఎవరితో వియ్యమందవచ్చునో తెలియును. ఇంటిపేరు ఇట్లు చుట్టరికము తెలుపుటకు ఉపకరించును. కాని దానినిబట్టి మనుష్యుని విలువ కట్టుట తగదు. క్రొత్తగా బడిలో చేరిన బాలుని ఇంటిపేరడిగి, అది విని ప్రక్కకు జరిగి కూర్చుండువారు ఈ సంగతి తలపోయవలెను. దొరల కాగితములలో శత్రువని వ్రాయబడిన హైమెండార్ఫు, మార్లవాయిలో ఆత్మబంధువయ్యెను. పేరొక్కటియే, దానిని మార్చినది నడవడి.