తాకట్టు పెట్టరాని పేర్లు

ఎల్.బి. నగర్,
హైదరాబాదు.

చిరంజీవికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లోని నీ హాస్టలునకు వచ్చినప్పుడు, కోచింగ్ సెంటరు కరపత్రములు పంచు కుర్రవాడు అడిగినదే తడవుగా నీవు నీ నెంబరును, మీ అమ్మ నెంబరును గూడ చెప్పివేయుటయు, నెలాఖరున మెస్సు బిల్లునకు తక్కువపడి అప్పులిచ్చు యాప్ నొకదానిని ఫోనులో వేసికొంటినని మాటవరుసకు పలుకుటయు విని, నలుగురిలో ఏమియు ననలేక ఊరకుంటిని గాని, మెట్రో చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటి ఎల్.బి. నగర్ చేరువరకును నా మనస్సు ఆ యాప్‌మీదనే యున్నది.

2020 డిసెంబరులో ఈ నగరముననే పోలీసులు లోన్ యాప్‌ల గుట్టు రట్టుచేసిన నాటికి నీవు బడిపిల్లవాడవు, కావున చెప్పుచున్నాను. అవి ఫోనులో చేరునప్పుడే కాంటాక్టులను, ఫోటోలను చూచుటకు అనుమతి కోరెడివి; ప్రాసెసింగ్ ఫీజును ముందే కోసికొని కొన్ని వేల రూపాయలను వారము రోజుల గడువునకు ఇచ్చెడివి; గడువు దాటినంతనే, అప్పు తీసికొన్నవానికి మాత్రమే గాక, వాని తండ్రికి, మేనమామకు, తోటి ఉద్యోగులకు 'ఇతడు మోసగాడు' అని ఫోటోతో సహా సందేశములు పోయెడివి. ఆ అవమానము భరింపజాలక తెలంగాణమున కొందరు ప్రాణములే తీసికొనిరి.

బంగారము కుదువపెట్టుకొను వ్యాపారి బాకీ తీరిననాడు గాజులు తిరిగి యిచ్చును. ఇచ్చట కుదువపడినవి పేర్లు; నకలు తీయబడిన పేరు తిరిగి రాదు. పైగా ఆ పేర్లు నీవి కావు, నాయనా. మీ అక్క నెంబరు, మీ మాస్టారి నెంబరు, నా నెంబరు మేము నిన్ను నమ్మి యిచ్చినవి. వానిని పరులపాలు చేయు అధికారము నీకెవరిచ్చిరి? కటువుగా తోచినను ఈ మాట అనక తప్పదు.

వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. తన అదుపులోని సంస్థల లోన్ యాప్‌లు కాంటాక్టుల జోలికి పోరాదని రిజర్వుబ్యాంకు 2022 సెప్టెంబరులో నిర్దేశించినది; నీ యాప్ ఏ బ్యాంకు తరఫున నడచుచున్నదో చూచితివా? 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టము ప్రకారము సమ్మతి నిచ్చుట ఎంత సులభమో, ఉపసంహరించుకొనుటయు నంత సులభముగా నుండవలెను. డేటాను కాపాడని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినను, ముఖ్యమైన బాధ్యతల అమలునకు 18 నెలల గడువిచ్చిరి. ఈలోపల మనకు మనమే కాపు. 2023లో సైబరాబాద్ పోలీసులు ఒకనిని పట్టుకొని, అతనివద్ద 24 రాష్ట్రములకు చెందిన 66.9 కోట్ల వ్యక్తుల, సంస్థల వివరములున్నవని ప్రకటించిరి. అందు మన యింటివారివి లేవని ఎవరు చెప్పగలరు?

ఈ ఉత్తరము చదివిన వెంటనే సెట్టింగులలో ఆ యాప్‌నకు ఇచ్చిన అనుమతులను తీసివేసి, పిమ్మట యాప్‌ను తొలగింపుము. అప్పు తీసికొని యుంటివేని దాచక చెప్పుము; ఎవరైన బెదిరించినచో సైబర్ నేరముల సహాయ నెంబరు 1930కి ఫోను చేయునప్పుడు నేనును నీ ప్రక్కన కూర్చుందును. హాస్టలువారు ఆధార్ అడిగినచో, చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు మాస్క్‌డ్ ఆధార్ చాలునేమో అడుగుము. ఆదివారము భోజనమునకు రమ్ము. మెస్సు బిల్లునకు తక్కువైన సొమ్ము పెద్దమ్మవద్ద ఉంచితిని.

ఇట్లు,
మీ పెదనాన్న